సుమెయోను వయసెంత?

ఆ చెక్క కాస్త అటు ఎగదొయ్యరా చిన్నోడా, పొగంతా నా కళ్ళల్లోకే కొడుతోంది. పచ్చి చెక్క పడేశారు మన కింద వాటా సర్దార్జీ వాళ్ళు. లోహ్డీ అంటే వాళ్ళకి మంట ఎంత ఎత్తు లేచిందన్నదే లెక్క, చెక్క ఎండిందో లేదో ఎవరు చూస్తారు! గుంటూర్లో ఇవాళో రేపో భోగి. మేము కిరస్తానీ వాళ్ళమైనా పక్కవీధి మంట దగ్గరికి పోయి నిలబడేవాళ్ళం. పొమ్మన్న వాళ్ళెవరూ లేరు. ఆ రేవ్డీల పొట్లం ఇటివ్వు, నా పళ్ళకి వేరుశనగ్గింజలు పడవు.

ఇంతకీ నువ్వడిగిందేంటే అమ్మలూ? ప్రతి ఫిబ్రవరి 2న నాయనమ్మ ఆ జర్మన్ పాట ఎందుకు పెడుతుంది, అదే కదా. మీ నాన్న చిన్నప్పుడు ఇదే అడిగితే మీ తాత గంటసేపు చెప్పాడు, వాడు నిద్రపోయాడు. నేను కథ చెప్పినట్టు చెబుతాను. నిద్రొస్తే లేచి లోపలికి పొండి, ఇక్కడ కూర్చుని తూగితే మంటలో పడతారు.

క్రిస్మస్ అయ్యాక నలభయ్యో రోజు ఫిబ్రవరి 2. మోషే ధర్మశాస్త్రం ప్రకారం మగబిడ్డ పుట్టిన నలభై రోజులకి తల్లి గుడికి పోయి బలి అర్పించాలి. డబ్బున్నవాళ్ళు గొర్రెపిల్లని ఇస్తారు, లేనివాళ్ళు పావురాలు. మరియమ్మా యోసేపూ లేనివాళ్ళే, రెండు పక్షుల్నే పట్టుకుపోయారు. అక్కడ యెరూషలేము గుళ్ళో సుమెయోను అనే ఆయన ఎదురొచ్చాడు. క్రీస్తుని చూడకుండా చావడని ఆయనకి దేవుడు మాటిచ్చి ఉన్నాడు. బిడ్డని చేతుల్లోకి తీసుకుని, ఇక నన్ను సమాధానంగా పోనియ్యి, నేను చూడాల్సింది చూశాను అన్నాడు. అంతే. మళ్ళీ బైబిల్లో ఎక్కడా కనపడడు. లూకా సువార్త రెండో అధ్యాయంలో నాలుగు ముక్కల్లో వచ్చి పోయే మనిషి.

ఇప్పుడు చెప్పండి, సుమెయోను వయసెంత?

అదిగో, ముసలాయన అన్నావు! అందరూ అదే అంటారు. బొమ్మల్లో తెల్లగడ్డం, వంగిన నడుం. సండేస్కూలు నాటకంలో సుమెయోను వేషం ఎవరికిచ్చినా ముందు దూది తెచ్చి మూతికి అంటించేవాళ్ళు. లూకా అలా రాయలేదు. ఆ పక్కనే అన్న అనే ప్రవక్త్రి ఉంది, ఆమె సంగతి చెబుతూ ఎనభై నాలుగు అని అంకె వేసి మరీ రాశాడు. సుమెయోను దగ్గర మాత్రం వయసు ఊసే లేదు. పోనియ్యి అన్నాడు కాబట్టి ముసలాడై ఉంటాడని మనమే తేల్చేశాం. ఇది గుర్తుపెట్టుకోండి. మీ తాతకీ నాకూ బతికినన్నాళ్ళూ తగువు ఇక్కడే.

మా గుడి గురించి చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. గుంటూరుకి అమెరికా నుంచి ఫాదర్ హయ్యర్ వచ్చింది 1842 జులై 31న. జర్మనీలో పుట్టి అమెరికా పోయి, అక్కణ్ణుంచి మన ఎండల్లోకి వచ్చిన లూథరన్ పాదిరి. అప్పటికే నలభై తొమ్మిదేళ్ళు. ఆయన వేసిన మొక్కే ఊరంతా పాకింది. ఏసీ కాలేజీ, కుగ్లర్ ఆసుపత్రి, పేరిషులు, హాస్టళ్ళు అన్నీ దాని కొమ్మలే. మా ఇంట్లో పెద్దవాళ్ళకి దొరలంటే భయమూ ఉండేది, లోపల్లోపల కాస్త వెటకారమూ ఉండేది. దొరసానులు హార్మోనియం ముందు కూర్చుని ఇంగ్లీషు రాగాలకి తెలుగు మాటలు అతికించి పాడిస్తుంటే మా ముసలమ్మలు పెదాలు కదిపి ఊరుకునేవాళ్ళు. తర్వాత పురుషోత్తమ చౌదరి గారి కీర్తన పడిందనుకో, గుడి కప్పు ఎగిరిపోయేది! తబలా, తాళాలు, వెనక బెంచీల్లోంచి ఆడవాళ్ళ గొంతులు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం తీసి చూడండి, పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చేసి ఉంటాయి. ఆయన 1803లో పుట్టి 1890లో పోయాడు. బాప్టిస్టు ఆయన, లూథరన్ కాదు. కీర్తనకి వచ్చేసరికి ఆ తేడాలు మాకెవరికీ గుర్తుండేవి కావు.

ప్రభువు సంస్కారం పుచ్చుకుని వెనక్కి వచ్చి కూర్చున్నాక, ఆరాధన ముగిసే ముందు, సుమెయోను మాటలు పాడటం లూథరన్లలో పాత ఆనవాయితీ. అది పాడితే ఇక ఇంటికి పోవచ్చని గుర్తు. పిల్లలకి ఆకలి వేళ. అందుకని నాకు సుమెయోను అంటే చాలాకాలం చావు గుర్తు రాలేదు, ఇంట్లో ఆదివారం కోడికూర గుర్తొచ్చేది. నవ్వకండి, నిజమే చెబుతున్నా.

నర్సు ట్రైనింగు కుగ్లర్‌లోనే అయ్యాను. అన్నా కుగ్లర్ అని డాక్టరమ్మ, 1883లో గుంటూరు వచ్చింది, 1898లో ఆసుపత్రి తెరిచింది. నేను చేరేటప్పటికి ఆమె పోయి చాలాకాలం అయింది కానీ, ఆమెని చూసిన ఆయాలు ఇంకా ఉన్నారు. దుప్పటి మూల మడత సరిగా పడకపోతే మళ్ళీ పరిపించేవాళ్ళు, కుగ్లరమ్మ ఉంటే ఊరుకునేది కాదంటూ. తర్వాత పెళ్ళి. మీ తాతకి ఢిల్లీలో సెక్రటేరియట్ ఉద్యోగం. నాకిక్కడ ఓ సర్కారు ఆసుపత్రిలో దొరికింది. దాని పేరు ఎందుకులే, మంచీ చెడూ రెండూ ఉన్నాయి.

జనక్‌పురికి వచ్చింది డెబ్బైల్లో, డీడీఏ వాళ్ళు కట్టిన ఈ వాటాలు కొత్తగా ఇస్తున్న రోజుల్లో. అప్పుడు ఇది ఊరే కాదు. అటు పంఖా రోడ్డు, ఇటు నజఫ్‌గఢ్ రోడ్డు, మధ్యలో పొదలు. చీకటి పడితే నక్కలు కూసేవి. తీహార్ జైలు పక్కనే కదా, బంధువులకి చిరునామా చెప్పాలంటే సిగ్గేసేది. నైటు డ్యూటీకి పోవాలంటే తిలక్‌నగర్ దాకా నడిచి బస్సెక్కాలి. తెలుగువాళ్ళు అప్పుడొకరు ఇప్పుడొకరు చేరారు. దుర్గాబాయమ్మ 1948లో పెట్టిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ తన బడిని ఇక్కడా పెట్టాక, ఆ బడి కోసమే ఇల్లు మారి వచ్చిన వాళ్ళున్నారు. మీ నాన్నకి అ ఆలు అక్కడే వచ్చాయి. ఎనభై నాలుగు నవంబరు సంగతి మాత్రం ఇవాళ అడక్కండి. సర్దార్జీ వాళ్ళు వేసిన మంట ముందు కూర్చుని అది చెప్పలేను.

మీ తాతకి ఓ పిచ్చి. ఆఫీసు కాగానే కర్జన్ రోడ్డులో మాక్స్‌ముల్లర్ భవన్‌కి పోయి జర్మన్ నేర్చుకునేవాడు. ఎందుకయ్యా అంటే, లూథరు రాసింది లూథరు భాషలో చదువుతానన్నాడు. చదివాడో లేదో నాకు తెలియదు కానీ, రాత్రి పదింటికి బస్సు దిగి జర్మన్ క్రియాపదాలు వల్లెవేసుకుంటూ వస్తుంటే వీధికుక్కలు వెంటపడేవి. ఆయనకి పాఠం చెప్పిన పంతులొకాయన తిరిగి తన దేశం పోతూ, సామాను తేలిక చేసుకోవడానికి రికార్డులు పంచిపెట్టాడు. అందులో ఒకటి మనింటికి వచ్చింది. ఇంట్లో రికార్డు ప్లేయరే లేదు! జీపీఎఫ్ అప్పు తీసి కొన్నాడు. నా గాజుల కోసం అనుకున్న డబ్బు అది. ఆ తగువు వేరే రోజు చెబుతాను.

ఆ రికార్డు ఒక వైపున ఉంది ఈ పాట. బాఖ్ కంటాటా, పేరు 'ఇహ్ హాబె గెనూగ్', నాకు చాలు అని. కంటాటా అంటే ఏం లేదమ్మా, గుళ్ళో ప్రసంగం దగ్గర పాడే పాటల గుత్తి. ఆ రోజు పాదిరి చదివే సువార్త వాక్యం ఏదో, దానిమీదే అల్లుతారు. ఇందులో ఐదు ముక్కలు. మూడు పెద్ద పాటలు, వాటి మధ్య రెండు చోట్ల మాట్లాడుతున్నట్టు పాడే చిన్న ముక్కలు. మొత్తం ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు. బాఖ్ కంటాటాలు చాలావాటిల్లో కోరస్ ఉంటుంది, చివర్న సంఘమంతా ఎరిగిన పాటొకటి వస్తుంది. ఇందులో అవేం లేవు. ఒక్క గొంతే. ఆ గొంతు సుమెయోనుది.

మొదట వినగానే నాకు పట్టింది గొంతు కాదు, ముందు వచ్చే వాద్యం. ఓబో. రెండు రెల్లు పొరలు కలిపి కట్టిన పీక పెదాల మధ్య పెట్టుకుని ఊదుతారు, మన నాదస్వరానికి దగ్గర చుట్టమే. నాదస్వరం అంటే వీధి చివరికి వినపడేది, ఇదేమో మంచం పక్కన కూర్చుని మాట్లాడినట్టుంటుంది. అది ఒక వరస పాడి ఆపాక మనిషి గొంతు అందుకుంటుంది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి వెనక ఒకరు. మీ తాత సోఫాలో నిటారుగా కూర్చుని, జర్మన్ మాటలు కాగితం మీద పెట్టుకుని, వేలుతో గీత గీస్తూ విన్నాడు, పరీక్షకి చదువుతున్నట్టు. నేను వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ విన్నాను. పోపు మాడింది.

ఆ తర్వాత ఆయన తవ్వి తీసిన సంగతులు చాలా ఉన్నాయి. బాఖ్ దీన్ని లైప్‌జిగ్‌లో 1727 ఫిబ్రవరి 2న పాడించాడు. అప్పుడు మన త్యాగరాజస్వామి పుట్టడానికి ఇంకా నలభై ఏళ్ళుంది. బాఖ్‌కి నలభై ఒకటి. 1723 నుంచి అక్కడ సెయింట్ థామస్ బడి పిల్లలకి సంగీతం నేర్పుతూ, ఊళ్ళో గుళ్ళకి ఆదివారాలకీ పండగలకీ పాట కట్టే ఉద్యోగం. మన లెక్కన చూస్తే గుమాస్తా బతుకే. పై అధికారులతో నిత్యం కొట్లాట, జీతం చాలదని ఉత్తరాలు. ఇద్దరు భార్యల వల్ల ఇరవై మంది పిల్లలు, అందులో పది మందే పెద్దయ్యారు. ఈ పాట కట్టడానికి ఏడు నెలల ముందు, 1726 జూన్ చివర్లో, రెండో భార్య అన్నా మగ్దలేనాకి పుట్టిన మొదటి పిల్ల పోయింది. మూడేళ్ళది. దానికీ ఈ పాటకీ ముడిపెట్టి బాఖ్ ఎక్కడా ఏమీ రాయలేదు కాబట్టి నేనూ పెట్టను. కానీ ఆ అన్నా మగ్దలేనా తన సొంత నోటుపుస్తకంలో ఇంట్లో పాడుకోవడానికి రాసుకున్న వాటిల్లో ఈ కంటాటాలోని నిద్రపాట ఉంది. ఆమె మంచి గాయని, పెళ్ళికి ముందు రాజు గారి కొలువులో జీతం తీసుకుని పాడింది. పిల్లలున్న ఇంట్లో ఆ పాట ఏ వేళప్పుడు పాడుకుందో మీరే అనుకోండి.

మాటలు రాసింది ఎవరో రెండొందల ఎనభై ఏళ్ళకి పైగా తెలియలేదు. ఈమధ్యే, మీరు పుట్టాక, క్రిస్టీన్ బ్లాంకెన్ అనే పరిశోధకురాలు పట్టుకుంది. క్రిస్టోఫ్ బిర్క్‌మన్ అని, న్యూరెంబర్గ్ నుంచి వచ్చి లైప్‌జిగ్‌లో చదువుకుంటున్న కుర్రాడు. 1703లో పుట్టాడు. ఈ పాట పాడే నాటికి ఇరవై నాలుగేళ్ళు! లోకంతో నాకు పని అయిపోయింది, చావు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నా అని రాసినవాడు ఇరవై నాలుగేళ్ళ కాలేజీ కుర్రాడు. ఇది తెలిసే సమయానికి మీ తాత లేడు. ఉంటే ఆ రాత్రి అన్నం తినేవాడు కాదు.

ఇంకో ముచ్చట ఉంది, ఇది ఆయన కనిపెట్టిందే, అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. లైప్‌జిగ్ పక్కన హాలె అని ఊరుంది. గుంటూరుకి బెజవాడ ఎంత దూరమో లైప్‌జిగ్‌కి హాలె అంత. ఆ హాలె నుంచే మన దక్షిణాదికి మొదటి లూథరన్ మిషనరీలు వచ్చారు. జీగన్‌బాల్గ్ 1706లో తరంగంబాడిలో దిగాడు. ఆయన వెనక వచ్చిన బెంజిమన్ షుల్జ్ తరంగంబాడి వదిలి మద్రాసు చేరి, అక్కడ బ్లాక్‌టౌన్‌లో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండటం చూసి, తెలుగు పట్టాడు. అక్కడ లైప్‌జిగ్‌లో బాఖ్ సుమెయోను పాట కడుతున్న ఆ ఏళ్ళల్లోనే, ఇక్కడ మద్రాసులో షుల్జ్ దొర చెమటలు తుడుచుకుంటూ బైబిలు తెలుగు చేస్తున్నాడు. అంటే సుమెయోను మాటలు తెలుగులోకి వచ్చిందీ ఆ కాలానే. ఆ బైబిలు అచ్చు కాలేదు పాపం. షుల్జ్ 1743లో ఇంటికి తిరిగిపోయి, హాలెలో తెలుగు అక్షరాలు పోత పోయించి, 1746లో లూథరు చిన్న ప్రశ్నోత్తరి తెలుగులో అచ్చేశాడు. తెలుగులో అచ్చయిన పుస్తకాల్లో అవే మొదటివి. మద్రాసులో కాదు, బందరులో కాదు, హాలెలో! అదే 1746లో ఆ హాలెలో పెద్ద గుడికి ఆర్గను వాయించడానికి కొత్తగా వచ్చిన వాడెవరనుకున్నారు? బాఖ్ పెద్ద కొడుకు, విల్హెల్మ్ ఫ్రీడమన్. మన అ ఆలు సీసంలో పోతపోస్తున్న ఊళ్ళో, బాఖ్ కొడుకు పొద్దున్నే గుడికి నడిచిపోతున్నాడు. షుల్జ్ దొరా బాఖ్ కొడుకూ ఒకరినొకరు చూసుకున్నారని నేననను. మీ తాత మాత్రం చూసుకునే ఉంటారనేవాడు. ఒకే బజారు కదా అనేవాడు.

సరే, ఆ నిద్రపాట దగ్గరికి వస్తాను. ఐదు ముక్కల్లో మధ్యది. అలసిన కళ్ళని మూసుకోమని జోకొట్టే పాట. అందరూ మెచ్చేది దీన్నే. ఇందులో ఒక పని చేశాడు బాఖ్. పాట నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగుతుంది. తీగలన్నీ నిలిచిపోతాయి. ఇక అయిపోయిందేమో అనుకునేలోపు మళ్ళీ అందుకుంటుంది, కాస్త దూరం పోయి మళ్ళీ ఆగుతుంది. వార్డులో పని చేసినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. పోయే మనిషి ఊపిరి అచ్చం అలాగే నడుస్తుంది. నాలుగు పెద్ద ఊపిర్లు, తర్వాత ఆగుతుంది. మంచం పక్కనున్న కొడుకు లేచి నిలబడతాడు, కోడలు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది, నేను గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తుంటాను. మళ్ళీ ఊపిరి. అందరూ కూర్చుంటారు. తెల్లవార్లూ ఇదే. డాక్టర్లు దానికి ఇంగ్లీషు పేరు చెబుతారు, మాకు పేరుతో పనిలేదు. బాఖ్ ఎన్ని మంచాల పక్కన కూర్చుని ఉంటాడో! తల్లీ తండ్రీ పదేళ్ళు నిండకముందే పోయారు, పిల్లలు పోయారు. ఆ ఆగడం పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదని నా గట్టి నమ్మకం.

అందుకే నాకు పాడేవాళ్ళ మీద కోపం వచ్చేది. చాలామంది ఆ ఆగిన చోట కళ్ళు మూసుకుని, గొంతు బరువు చేసి, తామే పోతున్నట్టు పాడతారు. పోయేవాడు అలా ఉండడమ్మా. ఏడ్చేది పక్కవాళ్ళు.

మా రికార్డులో పాడినాయన డీట్రిష్ ఫిషర్-డీస్కౌ. కార్ల్ రిక్టర్ వాద్యబృందంతో 1968లో పాడింది. అప్పటికి ఆయనకి నలభై మూడు. తర్వాత తెలిసింది, ఆయన ఇదే పాట 1951లోనే రికార్డు చేశాడని, బెర్లిన్‌లో, కార్ల్ రిస్టెన్‌పార్ట్‌తో. 1983లో హెల్ముట్ రిల్లింగ్‌తో ఇంకోసారి. ఒకే మనిషి ఇరవై ఆరేళ్ళప్పుడు, నలభై మూడప్పుడు, యాభై ఎనిమిదప్పుడు, ఒకే పాట. మీ నాన్న ఉద్యోగం వచ్చాక మూడూ తెచ్చిచ్చాడు. ఒక ఫిబ్రవరి రెండున మూడూ వరసగా పెట్టుకుని విన్నాను, మధ్యలో టీ కూడా పెట్టుకోలేదు. యాభై ఎనిమిదప్పటి గొంతుకి అన్నీ తెలుసు, ప్రతి మాటా నొక్కి నొక్కి చెబుతాడు, పాఠం చెప్పే మేష్టారిలా. ఇరవై ఆరప్పటి గొంతు ఏదీ నొక్కదు. తేటగా పోతుంది. నాకదే నచ్చింది.

మీ తాత ఎగిరిపడ్డాడు. గడ్డం కూడా సరిగా రాని కుర్రాడికి చావు గురించి ఏం తెలుసు అన్నాడు. నేనన్నాను, ఎవరికి తెలియాలి మరి? ఆ కుర్రాణ్ణి పద్దెనిమిదేళ్ళకే హిట్లరు సైన్యంలోకి లాక్కుపోయారు. ఇటలీలో అమెరికన్లకి పట్టుబడి రెండేళ్ళు ఖైదీగా ఉన్నాడు. అంగవైకల్యం ఉన్న తోడబుట్టినవాణ్ణి నాజీలు ఏదో ఆశ్రమంలో పెట్టి తిండి పెట్టకుండా చంపారు. అటువంటివాడు ఇరవై ఆరేళ్ళకి మైకు ముందు నిలబడి ఈ లోకం నాకు చాలు అంటే, వయసు చాలదని మనం అనొచ్చా? సుమెయోనుకి వయసు రాయలేదు లూకా. ఇదే నా వాదన. ఆయన మూతి ముడుచుకుని పేపరు తీశాడు.

ఆడవాళ్ళూ పాడారు దీన్ని. అది తప్పేం కాదు, బాఖే తర్వాత 1731 ప్రాంతంలో శ్రుతి పెంచి, ఓబో తీసి వేణువు పెట్టి, హెచ్చు గొంతుకి మార్చి రాశాడు. మనసులో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ తీసి వాడుకున్న పాట ఇది. జానెట్ బేకర్ అని ఇంగ్లండామె అరవైల్లో మెనూహిన్ వాద్యబృందంతో పాడింది. బాగుంటుంది. చాలా మర్యాదగా ఉంటుంది. అంతకన్నా చెప్పను.

చెప్పాల్సింది లొరేన్ హంట్ లీబర్సన్ గురించి. అమెరికావిడ. 2001లో పీటర్ సెల్లర్స్ అనే దర్శకుడు ఈ కంటాటాని నాటకంలా వేదిక ఎక్కించాడు. ఆమెకి ఆసుపత్రి గౌను తొడిగాడు, చేతికి గొట్టాలు పెట్టాడు, కాళ్ళకి దళసరి మేజోళ్ళు. సంగతి విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళు అలాంటి గౌనులు కట్టి విప్పిన దాన్ని, ఇది వేషమా అనుకున్నాను. తర్వాత డిస్కు విన్నాను, 2003లో నాన్‌సచ్ వాళ్ళు వేసింది, క్రెయిగ్ స్మిత్ బృందంతో. ఆమె అక్కడ నటించడం లేదు. నిద్రపాటలో ఆగే చోట్ల గొంతు బరువు చెయ్యదు, ఏడుపు తెచ్చుకోదు. సెలైను ఎంతసేపు పడుతుందో అడిగిన మనిషిలా, ఏమీ దాచుకోకుండా పాడుతుంది. ఆమె తోడబుట్టినది క్యాన్సరుతో పోయింది. 2006 జులైలో ఆమె కూడా అదే జబ్బుతో పోయింది, యాభై రెండేళ్ళకి. ఇప్పుడు ఆ డిస్కు విన్న ప్రతివాడూ ఆ చావు కలుపుకుని వింటాడు, కన్నీళ్ళు పెట్టుకుంటాడు. నేను దాన్ని తీసేసి వినాలని చూస్తాను. తీసేసినా నిలబడే పాట అది. గౌను సంగతి మాత్రం ఇప్పటికీ నాకు గిట్టదు.

ఇంకా ఎన్నో ఉన్నాయి. బాఖ్ గుడి కంటాటాలు దొరికినవి రెండొందల దాకా, అన్నీ రికార్డు చేసినవాళ్ళున్నారు. హార్నన్‌కూర్, లియోన్‌హార్ట్ కలిసి 1971లో మొదలెట్టి 1989దాకా చేశారు, ఆ కాలపు వాద్యాలే పెట్టి. జపాన్‌లో మసాకి సుజుకి 1995 నుంచి 2013దాకా చేశాడు, యాభై ఐదు డిస్కులు. కోబె ఊళ్ళో కాలేజీ చాపెల్లో కూర్చుని జపాను వాళ్ళు లూథరు పాటలు అంత శుద్ధంగా పాడుతుంటే, గుంటూరు లూథరన్లం మేమేం చేశామా అనిపిస్తుంది. మేము కీర్తనలు పాడాంలే.

అందరూ నిద్రపాట దగ్గర ఆగిపోతారు. బాఖ్ ఆగలేదు. ఆఖరి పాట గెంతులేసే పాట. మూడు లెక్కన, నాట్యం నడక. చావంటే నాకు సంతోషం అని చెప్పి, గొంతు మెట్లు ఎక్కుతూ దిగుతూ పరిగెడుతుంది. చాలామందికి ఇది ఎబ్బెట్టుగా ఉంటుంది, అంత గంభీరంగా నిద్రపుచ్చి మళ్ళీ ఈ చిందులేంటి అంటారు. వాళ్ళు వార్డు చూడలేదు. మా దగ్గర హర్యానా నుంచి వచ్చిన ముసలావిడ ఉండేది. వారం రోజులు కళ్ళు తెరవలేదు. ఒకరోజు తెల్లవారుజామున నన్ను పిలిచి దువ్వెన తెమ్మంది. తల దువ్వి జడ వేశాను. అద్దం చూసుకుంది. ఇంటి దగ్గర గేదె ఈనిందా అని మనవణ్ణి అడిగింది, టీలో చక్కెర తక్కువైందని నన్ను తిట్టింది, పక్క మంచం ఆమెతో పాత పెళ్ళి ముచ్చటేదో చెప్పి పకపకా నవ్వింది. ఇంటివాళ్ళు కోలుకుందనుకుని లడ్డూలకి మనిషిని పంపారు. నాకు తెలుసు, మా సిస్టర్లందరికీ తెలుసు, ఎవరం నోరు విప్పలేదు. మధ్యాహ్నం లోపే పోయింది. ఆఖరి పాట విన్నప్పుడల్లా నాకు ఆ జడ గుర్తొస్తుంది. దాన్ని నెమ్మదిగా, దిగులుగా పాడేవాళ్ళ రికార్డులు మనింట్లో లేవు. ఉన్న ఒకటి సర్దార్జీ కొడుక్కి ఇచ్చేశాను.

మీ తాత చివరిదాకా వదలని రికార్డు వేరే ఉంది. హన్స్ హాటర్ 1950లో లండన్లో ఆంథొనీ బెర్నార్డ్‌తో పాడింది. లోతైన గొంతు, కొండ మీద నుంచి మాట్లాడినట్టుండే గొంతు. చాలా నెమ్మదిగా పాడతాడు. అదీ సుమెయోను అంటే, తెల్లగడ్డం కనపడుతోంది చూడు, నీ కుర్రాడికి ఆ గడ్డం ఎక్కణ్ణుంచి వస్తుంది అనేవాడు నాతో. ఏళ్ళ తరబడి అదే మాట. నాకు జవాబు దొరికేది కాదు, ఎందుకంటే ఆ గొంతు నిజంగానే ముసలాయనలా ఉంటుంది. రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం ఖాళీగా కూర్చుని డిస్కు లోపలి చిన్న పుస్తకం తిరగేశాను. హాటర్ పుట్టింది 1909 జనవరి. లెక్క వేశాను, మళ్ళీ వేశాను. పాడేనాటికి నలభై ఒకటి. పాట కట్టిన నాటికి బాఖ్‌కి ఎంతో అంతే. ఆయన్ని కేకేసి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు, పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు.

"అయితే ఏంటే? నలభై ఒకటికే ముసలాడైపోయాడు," అని మళ్ళీ అదే డిస్కు పెట్టాడు.